కళ్లం నుంచి బొగ్గుబాయి దాకా

రామగిరి ఖిల్లా చుట్టూ నేల కింద బొగ్గు, నేల మీద వరి. తాతలు నాగలి పట్టిన ఇళ్లలో మనవలు షిఫ్టు వేళకు బాయికి బయలుదేరుతారు. ఇలాంటి చోట క్రైస్తవ కృతజ్ఞత అంటే మనసులో పెంచుకోవలసిన ఒక మంచి గుణం అని బోధించడం మామూలు. తెలుగు సంఘాల చరిత్ర చూస్తే మాత్రం అది ముందు చేతికి అలవాటై, ఆ తర్వాత మనసుకు పట్టిందనిపిస్తుంది. ఆ చేతులు ఎవరివో గుర్తుంటేనే ఈ ఆచారం బరువు తెలుస్తుంది.

నూర్పిళ్లు అయ్యాక మాల, మాదిగ కుటుంబాలు కళ్లం దగ్గర నిలబడి ఏడాది చాకిరీకి మేర అందుకునేవి. కొలిచి పోసేది ఆసామి, ఒడి పట్టేది వీళ్లు. చెమట తమదే అయినా ఆ గింజలు దయగా పెట్టినట్టే దక్కేవి. సింగరేణి బొగ్గు కోసం వేసిన రైలుదారి చీలే డోర్నకల్‌ను కేంద్రంగా చేసుకుని వేదనాయకం శామ్యూల్ అజరయ్య పనిచేసింది ఎక్కువగా ఈ కుటుంబాల మధ్యనే. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొందిన ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. ఆయన సంఘాల్లో కోతల పండుగనాడు ధాన్యం, కోళ్లు, మేకలు గుడికి వచ్చేవి. ఆడవాళ్లు వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు దేవుని పేర పక్కన పెట్టేవారు. పండుగ రూపం ఇంగ్లండు నుంచి వచ్చిందే. 1843లో కార్న్‌వాల్‌లో రాబర్ట్ హాకర్ అనే గురువు దానికి కొత్త ఊపిరి పోశాడు. అక్కడ అది రైతుల పండుగ. ఇక్కడ మాత్రం తరతరాలుగా ఒడి పట్టిన మనిషి మొదటిసారి కొలిచి ఇచ్చేవాడయ్యాడు. నా దృష్టిలో తెలుగు క్రైస్తవ చరిత్రలో ఇంతకంటే పెద్ద మార్పులు ఎక్కువ లేవు. డోర్నకల్ కేథడ్రల్‌కు ఎపిఫనీ అని పేరు. 1939 జనవరి 6న, అంటే జ్ఞానులు బాలయేసుకు కానుకలు తెచ్చిన సందర్భాన్ని తలుచుకునే రోజున, దాన్ని ప్రతిష్ఠించారు. తిండికే కరువైనా కానుకలు తెచ్చే సంఘానికి అంతకంటే తగిన పేరు దొరకదు.

కరువులో అన్నం పెట్టిన మిషనరీల రుణం తీర్చుకోవడమే ఈ కృతజ్ఞత అని ఒక వాదం ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 1914లో మొదలుపెట్టి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన మెదక్ చర్చి కట్టుబడి కరువు రోజుల్లో ఎందరికో కూలీ, కూడూ ఇచ్చింది. దాన్ని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్‌ను జనం అన్నదాతగా తలుచుకున్నారు. అయితే రుణపడ్డవాడు రుణదాతకే తిరిగి చెల్లిస్తాడు. పిడికెడు బియ్యం పాస్నెట్‌కో అజరయ్యకో చేరేది కాదు, సంఘం పనికి వెళ్లేది. తన కంటే లేనివాడు ఒకడుంటాడని, తన చెయ్యి అక్కడిదాకా అందుతుందని నమ్మినవాడే అలా ఇవ్వగలడు. సంఘం తన ఖర్చు తానే మోయాలని, విదేశీ డబ్బు మీద బతకకూడదని అజరయ్య పట్టుబట్టడం వెనక ఉన్నది ఈ నమ్మకమే.

ఇంకో అభ్యంతరం బొగ్గు నేలలో గట్టిగా వినపడుతుంది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. ఇలాంటి ఊళ్లో వందనాలు చెప్పమనడం అంటే నోరు మూసుకుని పడి ఉండమనడమే కదా అని అడుగుతారు. చావుకు వందనం చెప్పమని ఎవరైనా బోధిస్తే అది క్రూరత్వమే. కానీ కీర్తనల గ్రంథంలో స్తుతి పక్కనే మొర ఉంది. దేవుణ్ణి నిలదీసే మొర కూడా ఉంది. పౌలు ఫిలిప్పీ సంఘానికి కానుక అందిందని రాసిన ఉత్తరం చెరలో రాసిందే. ఆ ఉత్తరంలో సంకెళ్లను అతను దాచలేదు. పైగా వందనం దేవునికి చెల్లుతుంది, యాజమాన్యానికి కాదు. జీతం ఒకరి దయ అనుకునేవాడు భద్రత గురించి అడగడానికి వెనకాడతాడు. ప్రాణం దేవుడిచ్చిందని తెలిసినవాడికి దాన్ని కాపాడమని అడిగే హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసు. కళ్లం దగ్గర తల దించుకుని మేర అందుకున్న రోజులకూ ఈ ఆరాధనకూ ఉన్న తేడా ఇదే.

చిక్కల్లా పొలం నుంచి బాయికి మారినప్పుడే వచ్చింది. బొగ్గుకు కోతల కాలం లేదు. మూడు షిఫ్టుల్లోనూ తవ్వింది బంకర్లకు చేరి, వ్యాగన్లలో వెళ్లిపోతుంది. తవ్వినవాడి చేతికి వచ్చేది నెల జీతం, దసరాకు లాభాల వాటా. రామగిరి సీమను కలుపుకుని 1978లో ఏర్పడిన కరీంనగర్ డయాసిస్‌లో పల్లె సంఘాలూ ఉన్నాయి, కార్మికుల సంఘాలూ ఉన్నాయి. ఉద్యోగం వచ్చినా, ఇల్లు కట్టినా, రిటైరైనా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకోవడం తెలుగు క్రైస్తవులకు అలవాటే. అది మంచి ఆచారమే కానీ శుభం జరిగితేనే పెట్టుకునేది. కోతల పండుగ వరి పండని ఏడు కూడా వచ్చేది. అయితే గుడికి వరి పన మోయాలంటే ఎవరిదో ఒక చేను ఉండాలి. పిడికెడు బియ్యానికి చేను అక్కర్లేదు. కంపెనీ క్వార్టర్‌లో కొట్టు బియ్యం వండుకునే ఇల్లాలికైనా పొయ్యి మీద ఎసరు ఉంటే చాలు.