నల్లగొండ పిల్లల దంతాలు, బావినీటి చరిత్ర

సూర్యాపేట జిల్లా తిరుమలగిరి వంటి ఊళ్లలో వైద్యుని ఎదుట పిల్లవాణ్ణి కూర్చోబెట్టి తల్లిదండ్రులు అనే మాట ఒకటుంది: "సార్, వీడు పండ్లు సక్కగ తోముకోడు, గార పట్టింది." పిల్లవాడు సిగ్గుతో నోరు మూసుకుంటాడు. అది నిజంగా గారయేనా? ఇది తేల్చుకోవడానికి మీరు నాతో కొంత వెనుకకు రావాలి.

1901లో ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో వైద్యం ప్రారంభించి, అక్కడి పిల్లల పళ్లపై గోధుమరంగు మరకలు చూశాడు. ఎంత తోమినా అవి పోవు. విచిత్రమేమిటంటే ఆ పళ్లు అంత తేలికగా పుచ్చేవి కావు. 1923లో ఆయన ఐడహో రాష్ట్రంలోని ఓక్లీకి వెళ్లినప్పుడు, ఊరికి కొత్త ఊటనీటి గొట్టం వేసిన తరువాతే మరకలు మొదలయ్యాయని అక్కడి తల్లిదండ్రులు చెప్పారు. నీటిని పరీక్షిస్తే ఏ దోషమూ దొరకలేదు. అయినా ఆయన వారి మాట నమ్మి, ఆ గొట్టం మానేయమన్నాడు. కొన్నేళ్లలో చిన్నపిల్లలకు మరకలు లేని పళ్లు వచ్చాయి. కారణం ఫ్లోరైడు అని 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తేల్చాడు. ప్రయోగశాల కంటే ముందే తల్లిదండ్రులు నిజం పట్టుకున్న ఈ ఘట్టం నాకు ఎంతో ఇష్టం.

మన తెలుగునేలపై ఈ కథ నెల్లూరు జిల్లాలో మొదలైంది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అక్కడి ఫ్లోరోసిస్‌ను వైద్యలోకానికి వివరించారు. పళ్ల మరకలే కాదు, వెన్ను బిగుసుకుపోయిన మనుషులను కూడా వారు చూశారు. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లాలోని వ్యాధిని గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆ ఏడాదే డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ పొలాలను తడిపింది. తిరుమలగిరి మెట్టప్రాంతం దానికి దూరంగానే ఉండిపోయింది. తాగునీటికి బావి, తరువాత బోరింగు. ఇక్కడి గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడు భూగర్భజలంలో కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది నియమం.

1970లలో నాగపూర్‌లోని 'నీరి' సంస్థ పటిక, సున్నం కలిపి నీటిని తేర్చే పద్ధతిని రూపొందించింది. దానికి లోకమంతటా 'నల్లగొండ పద్ధతి' అనే పేరు నిలిచింది. జిల్లా పేరు ప్రపంచ పుస్తకాలకెక్కింది కాని, ఇంటింటా రోజూ పటిక తూచి కలపడం కూలికి వెళ్లే తల్లికి సాధ్యమా? నదీజలాన్ని ఇళ్లకు చేర్చే మిషన్ భగీరథ వచ్చినది ఎంతో ఆలస్యంగా, 2016 తరువాత.

ఇప్పుడు ఆ పిల్లవాని నోటికి వద్దాం. శాశ్వత దంతాల పింగాణీ పొర చిగురు లోపల తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్ల లోపు. ఆ వయసులో అధిక ఫ్లోరైడు లోపలికి వెళితే పొర గుల్లబారుతుంది. పన్ను బయటికి వచ్చాక మరక పడుతుంది. ఇటువంటి మరకలు కుడి ఎడమల ఒకే తీరుగా, అడ్డచారలుగా ఉంటాయి. వాటిని బొగ్గుతో, ఇటుకపొడితో రుద్దకండి. పన్ను అరుగుతుందే తప్ప చార పోదు. పిల్లవాణ్ణి తిట్టకండి, అతని తప్పేమీ లేదు. గార అయితే చిగురు అంచున పేరుకుంటుంది, శుభ్రం చేయిస్తే పోతుంది.

పుచ్చు వేరు. అది దవడపళ్ల గుంతల్లో, పళ్ల సందుల్లో మొదలై రంధ్రమవుతుంది, నొప్పి పుడుతుంది. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మార్చడమే దానికి మూలం. తల్లి పళ్లపై పాత బావి చారలు, ఆమె ఒడిలోని బిడ్డకు చాక్లెట్ల వల్ల పుచ్చిన పాలపళ్లు: ఈ రెండూ ఒకే ఇంట్లో కనబడే కాలమిది. పాలపళ్లే కదా, ఊడిపోతాయని ఊరుకోకండి. వాటి చీము లోపల పెరుగుతున్న శాశ్వత దంతాన్నీ చెడగొట్టవచ్చు.

ఇంకా సొంత బోరునీరే తాగుతున్నట్లయితే ఒక సీసాలో పట్టి ఫ్లోరైడు పరీక్ష చేయించండి. మరగబెడితే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ మరింత చిక్కబడుతుంది.