అమ్మమ్మ ముడి రవిక

మా అమ్మమ్మ జన్మలో హుక్కుల జాకెట్టు తొడగలేదండి. ఆవిడది ముడి రవిక. ముందువైపు తెరిచి ఉంటుంది, కింది రెండు కొసలూ కలిపి ముడేసుకోవడమే. నెలలు నిండేకొద్దీ ముడి వదులు చేసుకునేవారు. బిడ్డ ఏడిస్తే ముడి విప్పి, కొంగు కప్పుకుని పాలిచ్చేవారు. బాలింతకి వేరే బట్టలన్న మాటే లేదు.

అమెరికాలో 1851లో సింగర్ తన కుట్టుమిషనుకు పేటెంటు తీసుకున్నాడు. 1930ల్లో కలకత్తాలో ఉషా మిషన్లు తయారయ్యాయి. మిషన్లు మన ఊళ్ళకీ చేరాక, ఒంటికి అతికినట్టుండే హుక్కుల జాకెట్టే మామూలైపోయింది.

న్యూయార్కులో 1904 ప్రాంతంలో లీనా బ్రయంట్ అనే వితంతువు, ఓ గర్భిణి అడిగితే నడుముకి ఎలాస్టిక్ పెట్టి గౌను కుట్టింది. 1911 దాకా పత్రికలు ఆ గౌన్ల ప్రకటనే వేయలేదు. గర్భం అక్కడ బయటికి అనకూడని మాట! మనమేమో సీమంతం చేసి, గాజులు తొడిగి ఊరందరికీ చెప్పుకుంటాం.

అయినా నా తొలి కాన్పయ్యాక, వెనక హుక్కుల జాకెట్టుతో ఓ పెళ్ళికెళ్ళాను. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే పాలివ్వలేక నేనూ ఏడ్చాను.

ఆ పాపే ఇప్పుడు పురిటికి ద్రాక్షారామం వచ్చింది. మెత్తటి నూలుగుడ్డతో, పక్కల అంగుళం మడత లోపలికి వదిలి, నాలుగు ముడి రవికలు కుట్టాను. మిగిలిన ముక్కలు పొత్తిగుడ్డలయ్యాయి. ముడి మాత్రం నాకు కుదరలేదు. అమ్మే వచ్చి మనవరాలికి వేసి చూపించింది.