ఆషాఢపు గాలి, మార్చి లెక్క

భారతదేశంలో పవన విద్యుత్తులోకి ప్రైవేటు పెట్టుబడి వచ్చిన తీరును అర్థం చేసుకోవాలంటే గాలి వేగాల పట్టికలతో పాటు ఆదాయపు పన్ను చట్టంలోని 32వ సెక్షన్‌ను కూడా ముందు పెట్టుకోవాలి. తొలి రెండు దశాబ్దాలలో గాలికంటే ఆ సెక్షనే ఎక్కువ గాలిమరలను నిలబెట్టిందంటే అతిశయోక్తి కాదు.

గాలి ఎక్కడ ఎంత వీస్తుందో తెలియనిదే ఎవరూ డబ్బు పెట్టరు కనుక తొలి పని వాతావరణ శాస్త్రవేత్తలది అయింది. భారత వాతావరణ శాఖ నుంచి 1976లో పదవీ విరమణ చేసిన అన్నా మణి, మరొక శాస్త్రవేత్తతో కలిసి 1983లో వెలువరించిన పవన గణాంకాల గ్రంథం ఈ రంగానికి పునాదిరాయి. తరువాత 1986లో తూత్తుకుడి, ఓఖా వంటి తీరప్రాంతాలలో 55 కిలోవాట్ల డెన్మార్క్ యంత్రాలతో ప్రభుత్వం ప్రదర్శన క్షేత్రాలను నెలకొల్పింది. మరుసటి ఏడాది ఈ రంగానికి అప్పులిచ్చేందుకు ఇరెడా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. ఇంత జరిగినా 1990ల ఆరంభం దాకా ప్రైవేటు ధనం దాదాపు గడప దాటి రాలేదు.

దానిని కదిలించినది 32వ సెక్షన్‌లోని తరుగుదల. ఏ యంత్రమైనా వాడుకలో అరిగిపోతుంది కనుక దాని ఖరీదును కొన్నేళ్లపాటు కొంచెం కొంచెంగా లాభంలోంచి తీసివేసి, మిగిలిన దానిపైనే పన్ను కట్టే వెసులుబాటును తరుగుదల అంటారు. గాలిమరకు ఆ మొత్తాన్నంతటినీ మొదటి ఏడాదే తీసివేయవచ్చునని చట్టం అనుమతించింది. కంపెనీల పన్ను సర్‌చార్జితో కలిపి 46 శాతం ఉన్న 1990ల నడిమి రోజులలో, మంచి లాభాలున్న కంపెనీ కోటి రూపాయల గాలిమర కొంటే, అది ఒక్క యూనిట్ అమ్మకముందే 46 లక్షల పన్ను ఆ ఏటికి తప్పేది. ఖరీదులో అధికభాగం అప్పుగా దొరికిన వారికైతే సొంతంగా పెట్టిన సొమ్ముకంటే తప్పిన పన్నే ఎక్కువ కావడానికి ఆస్కారం ఉండేది. ఈ పెట్టుబడిదారులు విద్యుత్ వ్యాపారులు కారు, వారికి కావలసినది గాలి కాదు, ఖర్చు.

ఈ లెక్కలో ఒక విచిత్రమైన మెలిక ఉంది. ఆర్థిక సంవత్సరంలో 180 రోజులైనా వాడిన యంత్రానికే తరుగుదల పూర్తిగా దక్కుతుంది, తగ్గితే సగమే. అందువల్ల గాలిమరలను సెప్టెంబరు నెలాఖరులోగా, అది కుదరకపోతే మార్చి 31లోగా ఎలాగైనా తిప్పి చూపాలన్న హడావుడి ఏటా సాగేది. అయితే కన్యాకుమారి జిల్లా ఆరల్వాయ్‌మొళి కనుమలో, ముప్పందల్ పరిసరాల మైదానాలలో నైరుతి గాలి వీచేది మే నుంచి సెప్టెంబరు వరకే. అంటే సెప్టెంబరు గడువుకు సిద్ధమైన మర ఆ ఏటి గాలినంతా వదులుకొని, పన్ను మినహాయింపును మాత్రం అందుకొనేది. ఆషాఢపు గాలి ఎరిగిన రైతుకు ఈ పంచాంగం బోధపడదు.

తమిళనాడు విషయంలో మాత్రం మరొక కారణాన్ని కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. కోయంబత్తూరు, తిరుప్పూరు మిల్లులకు కరెంటు కోతలు నిజమైన బాధ. ముప్పందల్‌లో పుట్టిన విద్యుత్తును రాష్ట్ర విద్యుత్ బోర్డు తీగల ద్వారా మిల్లుకు చేర్చుకోవడాన్ని వీలింగ్ అనీ, గాలి కాలంలో మిగిలినదాన్ని బోర్డు వద్ద జమ ఉంచి తరువాత వాడుకోవడాన్ని బ్యాంకింగ్ అనీ అంటారు. ఈ రెండు సదుపాయాలూ దొరికిన మిల్లు యజమానులు మరలను శ్రద్ధగా చూసుకున్నారు, ఎందుకంటే మర ఆగితే వారి మగ్గమూ ఆగేది.

1996లో కనీస ప్రత్యామ్నాయ పన్ను, అంటే మినహాయింపులు ఎన్ని ఉన్నా ఖాతా పుస్తకాలలో చూపిన లాభంపై కొంతైనా కట్టవలసిన పన్ను, అమలులోకి రావడంతోనూ, మరుసటి బడ్జెట్‌లో పన్ను రేటు 35 శాతానికి దిగడంతోనూ ఆ ఉత్సాహం చల్లారింది. 1995-96లో దేశంలో దాదాపు 380 మెగావాట్ల సామర్థ్యం కొత్తగా చేరగా, రెండేళ్ల తరువాత అది 70 మెగావాట్ల లోపుకు పడిపోయింది. గాలి మాత్రం ఎప్పటిలాగే వీచింది.

సామాన్య మదుపరి ఈ కథలోకి వచ్చింది 2005లో. సూరత్‌లో వస్త్ర పరిశ్రమ నడుపుతూ కరెంటు కష్టాలు పడలేక రెండు గాలిమరలు కొన్న తులసీ తంతి, 1995లో స్థాపించిన గాలిమరల తయారీ కంపెనీ సుజ్లాన్ 2005లో 510 రూపాయల ధరకు వాటాలు అమ్మింది. 2007లో జర్మనీకి చెందిన రీపవర్‌ను చేజిక్కించుకొనేందుకు కంపెనీ అప్పులలో దిగింది, మరుసటి ఏడాది అమెరికాలో దాని గాలిమరల రెక్కలకు పగుళ్లు బయటపడ్డాయి. వాటాలుగా మార్చుకోదగిన విదేశీ బాండ్లపై 2012 అక్టోబరులో 20.9 కోట్ల డాలర్లు చెల్లించలేక చేతులెత్తేసింది. వాటాను అయిదుగా విభజించాక కూడా 2008 జనవరిలో 400 రూపాయలు దాటిన ధర 2020 మార్చిలో రెండు రూపాయల దిగువకు చేరింది.

ఇంతలో ప్రభుత్వ విధానమూ మారింది. ఉత్పత్తి చేసిన ప్రతి యూనిట్‌కు 50 పైసల ప్రోత్సాహకం 2009 డిసెంబరులో వచ్చింది. అదే సరైన మార్గమని చెప్పాలి, మర నిలబడినందుకు కాక తిరిగినందుకు డబ్బిచ్చింది కనుక. 2017 ఫిబ్రవరిలో తొలి జాతీయ వేలంలో యూనిట్ ధర 3 రూపాయల 46 పైసలకు, ఏడాది చివరకు గుజరాత్ వేలంలో 2 రూపాయల 43 పైసలకు తగ్గింది.

ఆ చివరి అంకె ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి తగాదా తెచ్చింది. 1990లలోనే అనంతపురం జిల్లా రామగిరి కొండలపై మరలు వెలిసినా, 2014 తరువాతే అనంతపురం, కర్నూలు, కడప జిల్లాలలో పెట్టుబడి వెల్లువెత్తి రాష్ట్ర సామర్థ్యం 4,000 మెగావాట్లు దాటింది. యూనిట్‌కు 4 రూపాయల 80 పైసలకు పైగా చెల్లించేలా పాతికేళ్ల ఒప్పందాలు కుదిరాయి. 2019లో వచ్చిన కొత్త ప్రభుత్వం ఆ ధరలు భారమంటూ 2 రూపాయల 43 పైసలకు దిగాలని కోరగా కంపెనీలు హైకోర్టుకెక్కాయి. ఒప్పందంలోని ధరకే లెక్కగట్టి బకాయిలను ఆరు వారాలలో చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తీర్పు చెప్పింది.