నానోసాంకేతికము – మానవదేహము

మీటరులో నూరుకోట్లవ వంతు నానోమీటరు. రమారమి 1 నుండి 100 నానోమీటర్ల పరిమాణముగల పదార్థములను నిర్మించి వినియోగించు విద్య మానవదేహముతో మిళితమగునన్న తలంపు ప్రజలలో ఆశను, భీతిని ఒక్కమారే రేకెత్తించినది. 1959లో భౌతికశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైన్‌మన్, తన మిత్రుడు ఆల్బర్ట్ హిబ్స్ ఊహను పేర్కొనుచు, రక్తనాళముగుండ హృదయమును చేరి చెడిన కవాటమును కోసివేయగల సూక్ష్మ శస్త్రయంత్రమును గూర్చి ప్రసంగించెను. 1986లో ఎరిక్ డ్రెక్స్‌లర్ 'ఇంజిన్స్ ఆఫ్ క్రియేషన్' అను గ్రంథమున, జీవకణములను బాగుచేయు యంత్రములను వర్ణించుటయేగాక, తమవంటి యంత్రములను తామే సృజించుకొనునవి అదుపుతప్పినచో జీవలోకమునే కబళింపగలవని హెచ్చరింపగా, ఆశావాదులు మొదటి మాటను, భీరువులు రెండవదానిని పట్టుకొని, ఇరువురును అతిశయోక్తికే పాల్పడిరి.

వాస్తవమునకు దేహమున ప్రవేశించినవి అట్టి యంత్రములు కావు: 1995లో అమెరికాలో అనుమతి పొందిన డాక్సిల్ అను కేన్సరు ఔషధమును, 2020 నాటి ఎం.ఆర్.ఎన్.ఏ. కోవిడ్ టీకాలను మోసికొనిపోయినవి కొవ్వుపదార్థపు సూక్ష్మగోళములే. టీకాలలో చిప్పులున్నవన్న వదంతి నిరాధారము. విచారింపదగిన భయము వేరొకటి కలదు: పొడవైన కార్బను నానోనాళికలు ఎలుకల ఉదరపొరయందు ఆస్‌బెస్టాస్ నారలవలెనే వాపును కలిగించినట్లు 2008లో ప్రకటితమైన ప్రయోగములు తెలిపినవి.