చెట్టుస్ కాదు, చెట్లు



కిందటి మామిడికాయల కాలంలో నా పూర్వ విద్యార్థి ఒకడు తిరుపతిలోని మా ఇల్లు వెదుక్కొంటూ వచ్చాడు. చిత్తూరు దగ్గర వారికి మామిడితోట ఉంది. చెట్ల లెక్క, కాపు లెక్క, కూలీల లెక్క రాసుకోవడానికి తానే ఒక వెబ్ అప్లికేషన్ కట్టుకొంటున్నాడట. "అయ్యవారూ, దీన్ని మీరు చూడాల" అని లాప్‌టాప్ తెరిచి, నల్లని తెర మీద ఒక్క పంక్తి ఆజ్ఞ టైపు చేశాడు. రెప్పపాటులో రెండు ఫైళ్ళు పుట్టాయి. "చెట్టు అని పేరొక్కటే నేనిచ్చినాను. మిగిలినదంతా అదే రాసుకొనింది" అన్నాడు.

నేను కళ్ళద్దాలు సవరించుకొని రెండవ ఫైలు చదివాను. అందులో పట్టిక పేరు రోమను అక్షరాలలో 'చెట్టుస్' అని ఉంది.

"ఇదేమిటి నాయనా?" అని అడిగాను. "దాని వ్యాకరణం అంతే అయ్యవారూ" అని నవ్వాడు. ఆ మాట నన్ను పట్టుకొంది. ముప్పై ఏండ్లకు పైగా పిల్లలకు వ్యాకరణం చెప్పినవాణ్ణి. యంత్రానికి వ్యాకరణమేమిటి, దానికి ఎవరు నేర్పారు అని కొన్ని నెలలుగా చదువుకొన్నాను. తెలిసినంత మీ ముందు ఉంచుతున్నాను.

పీహెచ్‌పీ అనే భాషను 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ లోకానికి విడుదల చేశాడు. ఆ పేరుకు మొదటి అర్థం 'పర్సనల్ హోమ్ పేజ్'. అంటే సొంత ఇంటి పుట. మన బ్లాగరులలో అనేకులకు నీడనిచ్చిన వర్డ్‌ప్రెస్ (2003) ఈ భాషలో రాసినదే. పనులు పెరిగేకొద్దీ ప్రతివారూ ఒకే రకం కోడును మళ్ళీ మళ్ళీ రాయవలసి వచ్చింది. ఆ విసుగు నుండి ఫ్రేమ్‌వర్కులు పుట్టాయి. ఫ్రేమ్‌వర్కు అంటే ఇంటికి ముందే నిలిపి ఉంచిన స్తంభాలు, దూలాలు అనుకోండి. గోడలు మనం కట్టుకోవాలి.

ఆ గోడలలో కొంతభాగం కూడా యంత్రమే కట్టిపెట్టే ఏర్పాటును జనరేటర్ అంటారు. దీనిని బాగా ప్రచారంలోకి తెచ్చినది పీహెచ్‌పీ కాదు. డెన్మార్కు దేశస్థుడైన డేవిడ్ హైనమైయర్ హాన్సన్ 2004లో రూబీ భాషలో వెలువరించిన రైల్స్. అందులో ఈ పనికి 'స్కాఫోల్డ్' అని పేరు. గోడ కట్టేటప్పుడు మేస్త్రీ నిలబడటానికి వేసే కట్టెల సారువ అన్నమాట. మరుసటి ఏడు, 2005లో, ఆ దారిలోనే కేక్‌పీహెచ్‌పీ వచ్చింది. పేరు కేకు గనుక దాని జనరేటరు పేరు 'బేక్'. ఆజ్ఞ ఇస్తే కోడును కాల్చి వడ్డిస్తుంది. అదే ఏడు ఫ్రాన్సు నుండి సింఫనీ వచ్చింది. 2011లో అమెరికాలో టేలర్ ఓట్వెల్ లారావెల్‌ను ప్రారంభించాడు. 2012 నాటి మూడవ కూర్పులో దానికి 'ఆర్టిజన్' అనే ఆజ్ఞల పరికరం చేరింది. ఆర్టిజన్ అంటే చేతిపనివాడు. 2015 నాటి అయిదవ కూర్పు నుండి 'మేక్' అని మొదలయ్యే ఆజ్ఞలతో కావలసిన ఫైలును పుట్టించుకోవచ్చు. నా శిష్యుడు వాడినది దీనినే.

లోపల జరిగేది మంత్రమేమీ కాదు. రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చునే దస్తావేజు లేఖరిని మీరు చూసే ఉంటారు. క్రయపత్రం వాక్యాలన్నీ ఆయనకు సిద్ధంగా ఉంటాయి. అమ్మినవారు, కొన్నవారు, సర్వే నంబరు, చెక్కుబంది మాత్రం ఖాళీలు. ఆర్టిజన్ కూడా అంతే. 'స్టబ్' అనే మూసలో ఖాళీలు ఉంటాయి, మనమిచ్చిన పేరుతో వాటిని పూరిస్తుంది. 2020 నాటి ఏడవ కూర్పు నుండి ఆ మూసలను మన ఇష్టప్రకారం దిద్దుకొనే వీలు కూడా కల్పించారు.

అయితే లేఖరికి లేని బాధ్యత ఒకటి దీనికి ఉంది. ఒక చెట్టును గురించిన వివరణకు ఏకవచనంలో పేరు పెట్టాలి. అనేక చెట్లను దాచే పట్టికకు బహువచనంలో పేరు పెట్టాలి. ఇది రైల్స్, లారావెల్ వంటి ఫ్రేమ్‌వర్కుల సంప్రదాయం. అందువల్ల ఇటువంటి జనరేటరు లోపల 'ఇన్‌ఫ్లెక్టర్' అనే చిన్న వ్యాకరణవేత్త కూర్చుని ఉంటాడు. మొదట ఎస్ చేర్చు అనే ఉత్సర్గం, ఆపైన అపవాదాలు. చైల్డ్‌కు చిల్డ్రన్, మౌస్‌కు మైస్, పర్సన్‌కు పీపుల్. రైస్ వంటి మాటలు బహువచనం లేనివిగా వేరే జాబితాలో ఉంటాయి. సామాన్య సూత్రం, విశేష సూత్రం, నిపాతాల పట్టిక: మన వ్యాకరణ గ్రంథాల అమరికే ఇది!

ఈ పోలిక నా కల్పన కాదు. పదాలను పుట్టించే యంత్రంగా వ్యాకరణాన్ని ఊహించిన మొదటి మహానుభావుడు పాణిని. సుమారు 4,000 సూత్రాలు, సుమారు 2,000 ధాతువులు. ధాతువును, ప్రత్యయాన్ని అందిస్తే రూపం సిద్ధిస్తుంది. ప్రోగ్రామింగు భాషల వాక్యనిర్మాణాన్ని వివరించే బాకస్ పద్ధతికి పాణిని పేరు కూడా చేర్చాలని 1967లో పీటర్ ఇంగర్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. ఆపైన 1970లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ జాన్సన్ 'యాక్' అనే పరికరాన్ని చేశాడు. దానికి ఒక వ్యాకరణాన్ని రాసి ఇస్తే, ఆ వ్యాకరణాన్ని గుర్తుపట్టే ప్రోగ్రామును అదే రాసి ఇస్తుంది. నేటి ఆర్టిజన్‌కు అది పెద్ద తాత వరస.

మన దగ్గర కూడా ఈ పని జరిగింది. 1961లో మా తిరుపతిలో వెలసి, 1987లో విశ్వవిద్యాలయ హోదా పొంది, 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన సంస్కృత విద్యాపీఠంలో వ్యాకరణాన్ని, కంప్యూటరును కలిపి బోధించారు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అంబా కులకర్ణి గారి ఆధ్వర్యంలో రూపొందిన 'సంసాధని'లో శబ్దాన్ని ఇస్తే విభక్తి రూపాలన్నీ, ధాతువును ఇస్తే క్రియారూపాలన్నీ వస్తాయి. అదే విశ్వవిద్యాలయంలో గారపాటి ఉమామహేశ్వరరావు గారు తెలుగు పదాలను విడదీసి చూపే పరికరం కోసం కృషి చేశారు. కాబట్టి తెలుగు యంత్రానికి లొంగదన్న మాట నిజం కాదు.

లొంగించడం సులభమా అంటే, కాదు. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి దేశ్యపదాల సంగతికి ఆచ్ఛిక పరిచ్ఛేదమని ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించాడు. మన ఉత్సర్గం 'లు' చేర్చడం. కాయ, కాయలు. అయితే చెట్టు, చెట్లు. కవి, కవులు. పుస్తకం, పుస్తకాలు. చేయి, చేతులు కాగా రాయి మాత్రం రాళ్ళు. పేరు పేర్లయితే, కూతురు కూతుళ్ళు. పాలు, నీళ్ళు, వడ్లు ఎప్పుడూ బహువచనాలే. పైగా మా సీమలో పండ్లు, ఇండ్లు అంటే కోస్తాలో పళ్ళు, ఇళ్ళు అంటారు. ఏది సాధువని యంత్రానికి చెప్పాలి?

ఇక్కడ నాకు ఒక సంగతి తోచింది. ఆంగ్లం నుండి వచ్చిన బస్సును, పెన్నును మన భాష చేతులు చాచి తీసుకొని, తన ప్రత్యయం తగిలించి బస్సులు, పెన్నులు అని ఇంటి మనుషులను చేసుకొంది. యంత్రంలో కథ తిరగబడింది. అక్కడ మన చెట్టుకు వాళ్ళ ప్రత్యయం తగులుతున్నది. ఇందులో కుట్ర ఏమీ లేదు. సూత్రాలు రాసినవారు తమకు తెలిసిన భాషకు రాశారు. లారావెల్ ఆధారపడే డాక్ట్రిన్ వారి ఇన్‌ఫ్లెక్టరులో తరువాత ఫ్రెంచి, స్పానిష్, పోర్చుగీసు, టర్కీ, నార్వే భాషల సూత్రాలూ చేరాయి. ఆయా భాషలవారు కూర్చుని రాశారు గనుక చేరాయి. తెలుగుకు రాసినవారు లేరు గనుక ఆ వరుసలో తెలుగు లేదు.

"పట్టిక పేరు 'చెట్లు' అని నేనే ఒక పంక్తిలో చెప్పేస్తే సరిపోతుంది అయ్యవారూ" అన్నాడు శిష్యుడు. నిజమే, దానికి అవకాశం ఉంది. పీహెచ్‌పీలో పేర్లను తెలుగు లిపిలోనే రాసుకోవచ్చునని కూడా చూపించాడు. కానీ ప్రతి మాటకూ చేతితో చెప్పుకొంటూ పోతే అది సూత్రం కాదు, బట్టీ. ఆ మాట అంటూండగానే నాకు సిగ్గు వేసింది. ఇన్నేండ్లు తరగతిలో నేను చేయించినది ఆ బట్టీయే కదా! ఈ సూత్రం ఏ మాటలను పుట్టిస్తుంది, ఎక్కడ ఓడిపోతుంది అని ఒక్కనాడైనా పిల్లలచేత పరీక్ష చేయించానా? ఆ ఆనందం వీడికి నా పాఠంలో దొరకలేదు, నల్లని తెర మీద దొరికింది.

ఆ సాయంకాలం కాగితం తీసుకొని ఇద్దరం కూర్చున్నాము. వాడు మాటలు అడుగుతూ పోయాడు, నేను సూత్రాలు చెబుతూ పోయాను. పన్నెండు సూత్రాలు తేలాయి. ఊరు దగ్గర ఆగిపోయాము. వాడు ఊర్లు అంటాడు, నేను ఊళ్ళు అని రాస్తాను. రెండూ ఉంచాలని వాడి వాదం. ఇంకా తేలలేదు. వచ్చే నెల మళ్ళీ వస్తానన్నాడు.

మీ ప్రాంతంలో వినిపించే వింత బహువచనాలు ఉంటే తెలియజేయండి, మా కాగితంలో చేరుస్తాము. సాంకేతిక విషయాలలో నేను పొరపడి ఉంటే తెలిసినవారు సవరించగలరు.