చట్రమే గొట్టమైన కథ: ఇంట్లో నిర్మించిన పెద్ద దూరదర్శినులు

రాజమండ్రి దగ్గర గోదావరి మీది రోడ్డు-రైలు వంతెనను రైలులో దాటినవారు, కిటికీ పక్కన త్రికోణాలుగా అల్లిన ఉక్కు దూలాలు వెనక్కి పోవడం చూసే ఉంటారు. ఆ అల్లికనే ట్రస్ అంటారు. నాలుగు కడ్డీల చతురస్రాన్ని ఒక మూల పట్టుకొని తోస్తే పక్కకు ఒరుగుతుంది. మూడు కడ్డీల త్రికోణం మాత్రం, కడ్డీ వంగితేనో విరిగితేనో తప్ప ఆకారం మార్చుకోదు. కాబట్టి తక్కువ లోహంతోనే ఎక్కువ బిగువు వస్తుంది. ఈ సూత్రం సామాన్యుడి పెరట్లోకి పెద్ద దూరదర్శినిని ఎలా తెచ్చిందో ఈ భాగంలో తెలుసుకుందాం. చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి: ఒక సాధనం ప్రజలకు చేరేది కొత్తది చేర్చినప్పుడా, అక్కరలేనిది తీసివేసినప్పుడా?

1. బరువు అనే అడ్డంకి

పరావర్తన దూరదర్శినిలో కాంతిని పోగుచేసేది పుటాకార దర్పణం. దాని వ్యాసం రెట్టింపైతే చేరే కాంతి నాలుగు రెట్లవుతుంది. చీకటికి అలవాటుపడిన కంటిపాప వ్యాసం సుమారు 7 మిల్లీమీటర్లు. 40 సెంటీమీటర్ల దర్పణం దానికి మూడు వేల రెట్లకు పైగా కాంతిని సేకరిస్తుంది. మసక గెలాక్సీలు చూడాలనుకునేవారు పెద్ద దర్పణం కోరుకునేది ఇందుకే.

ఇంగ్లండులోని బాత్ పట్టణంలో సంగీతం వృత్తిగా బతికిన విలియం హెర్షెల్ 1770లలో తన దర్పణాలను తానే తయారుచేసుకోసాగాడు. రాగి, తగరం కలిపి పోతపోసి, అరగదీసి, మెరుగుపెట్టాలి. ఒకసారి 16 గంటలపాటు చేయి తీయకుండా మెరుగుపెడుతుంటే చెల్లెలు కరోలిన్ అతని నోటికి ముద్దలు అందించింది. 1781 మార్చి 13న ఇంటి తోటలో నిలబడి, సొంతంగా చేసుకున్న దూరదర్శినితోనే హెర్షెల్ యురేనస్‌ను కనుగొన్నాడు. అదే ఏడాది ఇంట్లో 3 అడుగుల దర్పణం పోయబోతే, కరిగిన లోహం కారి నేలమీది రాతిపలకలు పేలి ఎగిరాయి.

మూడో జార్జి రాజు ఇచ్చిన ధనంతో 1789లో 4 అడుగుల దర్పణం, 40 అడుగుల గొట్టం గల దూరదర్శిని పూర్తయింది. దాని దర్పణమే దాదాపు ఒక టన్ను. దాన్ని తిప్పడం కష్టమై హెర్షెల్ ఎక్కువగా తన 20 అడుగుల దూరదర్శినినే వాడాడు. పెద్దది కట్టడం వేరు, దానితో పని చేయడం వేరు అని ఈ ఉదాహరణ చెబుతుంది.

2. గాజు, కత్తి అంచు, త్రికోణం

1857లో ఫ్రాన్సులో లియాన్ ఫూకో గాజు మీద పలుచని వెండి పూతతో దర్పణం చేశాడు. గాజు లోహం కన్నా తేలిక. పూత మసకబారితే మళ్లీ పూస్తే సరిపోతుంది, ఆకారాన్ని తిరిగి దిద్దనక్కరలేదు. మరుసటి ఏడాది ఆయన దర్పణాన్ని పరీక్షించే సులువైన పద్ధతి చూపాడు. మంచి దర్పణపు ఉపరితలంలో తప్పు మిల్లీమీటరులో పదివేలవ వంతు కన్నా తక్కువ ఉండాలి. అంత సూక్ష్మమైన తప్పును చిన్న దీపం, కత్తి అంచు సాయంతో ఇంట్లోనే పసిగట్టవచ్చు.

ఈ విద్యను రస్సెల్ పోర్టర్ 1920లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే చిన్న పట్టణంలో ఫ్యాక్టరీ ఉద్యోగులకు నేర్పాడు. 1925 నుంచి సైంటిఫిక్ అమెరికన్ పత్రిక దాన్ని దేశమంతటా వ్యాపింపజేసింది. తరువాత పోర్టరే పాలొమార్ కొండ మీది 200 అంగుళాల దూరదర్శిని రూపకల్పనలో పాలుపంచుకున్నాడు. ఆ పథకానికి రాక్‌ఫెల్లర్ నిధి నుంచి 60 లక్షల డాలర్లు వచ్చాయి. అంత పెద్ద గొట్టం వాలినప్పుడు కుంగకుండా ఆపడం అసాధ్యం. 1935లో మార్క్ సెరూరియర్ అనే ఇంజనీరు కుంగుబాటును ఆపే ప్రయత్నం మానేశాడు. గొట్టానికి బదులు త్రికోణాల చట్రం పెట్టి, రెండు కొనలూ సమానంగా, సమాంతరంగా కుంగేటట్లు చేశాడు. దాంతో దర్పణాల వరుస చెదరదు.

3. ఆశ్రమం నుంచి వీధిలోకి

ఇక్కడ మన దేశంతో ఒక సంబంధం ఉంది. 1915లో బీజింగ్‌లో పుట్టిన జాన్ డాబ్సన్, రామకృష్ణ సంప్రదాయానికి చెందిన శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత ఆశ్రమంలో 1944లో చేరాడు. సన్యాసికి సొంత డబ్బు ఉండదు. ఓడ కిటికీల పాత గాజును అరగదీసి 1956లో 12 అంగుళాల దర్పణం చేశాడు. 1967లో ఆశ్రమం విడవవలసి వచ్చింది. ఆ తరువాత కాలిబాటల మీద దూరదర్శిని నిలిపి దారిన పోయేవారికి చంద్రుణ్ణి, శనిని చూపించాడు. సిమెంటు స్తంభాల పోతకు వాడే అట్ట గొట్టం, ప్లైవుడ్ పెట్టె, జారడానికి టెఫ్లాన్ ముక్కలు - ఇవే అతని సామగ్రి. ఫిరంగులను శతాబ్దాలుగా ఇలాగే నిలుపుతున్నారు కదా అంటూ, కొత్తగా కనిపెట్టానన్న పేరు తనకు వద్దనేవాడు.

దర్పణాలు పెరిగేకొద్దీ అట్ట గొట్టమే అడ్డమైంది. 180 సెంటీమీటర్ల నాభ్యంతరం గల 40 సెంటీమీటర్ల దర్పణానికి దాదాపు మనిషెత్తు గొట్టం కావాలి. అది కారులో పట్టదు. నగరాల వెలుగు పెరగడంతో చీకటి ఆకాశం కోసం దూరం వెళ్లక తప్పదు. 1980లలో ఔత్సాహికులు గొట్టాన్నే తీసివేశారు. కింద దర్పణపు పెట్టె, పైన చిన్న వలయం, మధ్య త్రికోణాలుగా ఎనిమిది అల్యూమినియం గొట్టాలు, చుట్టూ నల్లని గుడ్డ. తిరిగే ఇరుసు దర్పణానికి దగ్గరగా ఉంటుంది కనుక, సెరూరియర్ చట్రంలో పై సగం ఉంటే చాలు. దీనికి చెల్లించే మూల్యం ఒకటుంది: విప్పి బిగించిన ప్రతిసారీ దర్పణాల వరుసను సరిచేసుకోవాలి. 1997లో డేవిడ్ క్రీగీ, రిచర్డ్ బెర్రీ ఈ నిర్మాణ పద్ధతిని సమగ్రంగా గ్రంథస్థం చేశారు.

సారాంశం

ఈ చరిత్రలో లోహం పోయి గాజు వచ్చింది, భారీ పీఠం పోయి పెట్టె వచ్చింది, చివరకు గొట్టమే పోయింది. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా చూడగలిగేవారి సంఖ్య పెరిగింది. ఒకప్పుడు రాజు ఖజానా కావలసిన దర్పణం నేడు పొలం గట్టు మీద నిలబడగలదు. అయితే చీకటిని మాత్రం ఎవరూ ఇంట్లో తయారుచేయలేరు. మీ ఊరి ఆకాశం ఇంకా చీకటిగా ఉంటే, పెద్ద దర్పణం ఉన్న నగరవాసికి లేనిది మీకు ఉన్నట్లే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. హెర్షెల్ 40 అడుగుల దూరదర్శినిని ఎందుకు తక్కువగా వాడాడు?
2. సెరూరియర్ కుంగుబాటు సమస్యను ఎలా పరిష్కరించాడు?
3. మొదట అడిగిన ప్రశ్నకు మీకు తెలిసిన మరో సాధనం ఆధారంగా జవాబు రాయండి.