రాయల విడిదిలో ఒక్క రాత్రి!
పొద్దున వచ్చి సాయంత్రానికి మరలుతున్న యాత్రికులు.. బస చేస్తేనే మూడు పట్టణాలకూ మేలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: విజయనగర ప్రభువులకు వేసవి విడిదిగా, ఆపై రాజధానిగా వెలుగొందిన పట్టణం పెనుకొండ. దానికి దక్షిణాన, శిల్పకళకు కాణాచియైన లేపాక్షిని చెంతనే ఉంచుకున్న హిందూపురం. ఉత్తరాన పట్టుచీరలకు పుట్టినిల్లయిన ధర్మవరం. ఈ మూడు పట్టణాలూ బెంగళూరు-గుంతకల్లు రైలు మార్గంపై వరుసగా ఉన్నాయి. వారాంతపు విహారానికి ఇంతకన్నా అనువైన ప్రాంతం అరుదు. అయినా ఇక్కడికి వచ్చే యాత్రికుల్లో పలువురు ఉదయం వచ్చి సాయంత్రానికి మరలిపోతున్నారు. నంది విగ్రహం ముందు ఛాయాచిత్రం తీసుకుని, వేలాడే స్తంభం కింద వస్త్రం పోనిచ్చి చూసి, తిరుగుముఖం పడుతున్నారు. సకల సౌకర్యాల బస కావాలనుకునేవారు బెంగళూరు శివార్లలోని రిసార్టులకు చేరుతున్నారు. చూసేది ఇక్కడ, ఖర్చు చేసేది అక్కడ అన్న చందంగా మారింది. ఒక్క రాత్రి ఈ గడ్డపైనే గడిపితే యాత్రికునికి కలిగే లాభమేమిటో, ఈ ప్రాంతానికి ఒనగూరే మేలేమిటో తెలిపే కథనమిది.

రాజులు మెచ్చిన చోటు

పెనుకొండకు ఘనగిరి అన్న పేరూ ఉంది. 1565లో తళ్లికోట యుద్ధంలో పరాజయం అనంతరం తిరుమలరాయలు హంపీని వీడి ఇక్కడికి తరలివచ్చాడు. 1592లో రెండో వేంకటపతిరాయలు చంద్రగిరికి రాజధానిని మార్చే వరకు విజయనగర పాలన ఇక్కడి నుంచే సాగింది. నాటి వైభవానికి మిగిలిన ఆనవాలు గగన్‌మహల్. రెండంతస్తుల ఈ రాజప్రాసాదంలోని కమానులు, గుమ్మటం, గచ్చుపని హిందూ, ముస్లిం వాస్తురీతుల మేళవింపునకు నిదర్శనాలు. పట్టణంలోనే పార్శ్వనాథ జినాలయం, రామాలయం, కాశీవిశ్వేశ్వరాలయం, షేర్‌ఖాన్ మసీదు, బాబయ్య దర్గా ఉన్నాయి. ఒకనాడు ఇక్కడ ఏడాదిలో రోజుకొకటి చొప్పున 365 ఆలయాలు ఉండేవని స్థానికుల్లో ప్రతీతి. శ్రీకృష్ణదేవరాయల మహామంత్రి తిమ్మరుసు కడపటి రోజులు ఇక్కడి చెరలోనే గడిచాయని చెబుతారు.

కొండపై కోటను చూడదలచినవారు తెల్లవారుజామునే నడక మొదలుపెట్టాలి. ఎండ ముదిరిన తరువాత ఈ బండరాళ్ల మీద నడక దుర్భరం. ఉదయం బెంగళూరులో బయలుదేరి, లేపాక్షి చూసుకుని మధ్యాహ్నానికి పెనుకొండ చేరే యాత్రికునికి కోట దక్కదు. రాత్రి బస చేసినవారికే ఆ భాగ్యం.

లేపాక్షికి ఒక పూట చాలదు

హిందూపురానికి తూర్పున సుమారు 15 కి.మీ. దూరంలో కూర్మశైలంపై వెలసింది వీరభద్రాలయం. అచ్యుతదేవరాయల పాలనా కాలంలో (1529-1542) పెనుకొండలో విజయనగర రాజోద్యోగిగా ఉన్న విరూపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ దీనిని నిర్మింపజేశారు. అంటే పెనుకొండ కొలువులోని అధికారి కట్టించిన గుడి ఇది. రెండింటినీ కలిపి చూస్తేనే కథ పూర్తవుతుంది.

ఆలయానికి కొద్ది దూరంలో 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తున ఏకశిలా నంది కొలువుదీరింది. ఆలయ ప్రాంగణంలో పడగలు విప్పిన నాగలింగం, నేలను పూర్తిగా తాకని స్తంభం, అసంపూర్తిగా నిలిచిన కల్యాణ మండపం చూపరులను కట్టిపడేస్తాయి. రాజధనాన్ని గుడికి వెచ్చించాడన్న నిందకు గురైన విరూపణ్ణ తన కళ్లను తానే పెరికి గోడకు విసిరాడని, గోడపై కనిపించే ఎర్రటి మరకలు అవేనని స్థలపురాణం.

హడావుడిగా వచ్చిపోయేవారు సాధారణంగా గమనించనివి రెండు. మొదటిది, మండపాల కప్పుపై ఉన్న వర్ణచిత్రాలు. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం వంటి ఘట్టాలను చిత్రించిన ఈ వరుసల్లో విజయనగర కాలపు కట్టుబొట్టు, నగలు, చీరల అంచులు కనిపిస్తాయి. నిదానంగా నిలబడి, తల ఎత్తి చూస్తే గాని వివరాలు అందవు. రెండోది, లతామండపం. అక్కడి స్తంభాలపై చెక్కిన లతలు, పూలు, పక్షుల నమూనాలు నేటికీ చీరల అంచుల్లో దర్శనమిస్తాయి.

2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో లేపాక్షి చోటు సంపాదించింది. 2024 జనవరి 16న ప్రధాని నరేంద్ర మోదీ ఆలయాన్ని దర్శించారు.

మగ్గాల ఊరు ధర్మవరం

హిందూపురం పట్టుగూళ్ల విపణికి పేరెన్నికగన్నది. ధర్మవరం ఆ పట్టును చీరగా మలిచే ఊరు. వెడల్పాటి జరీ అంచు, నిండైన పైటకొంగు ఇక్కడి చీరలకు గుర్తింపు. ధర్మవరం చేనేత పట్టుచీరలు, పావడాలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఒక్క చీర వెనుక పడుగు పోయడం, అచ్చు అతకడం, కండెలు చుట్టడం మొదలుకొని ఇంటిల్లిపాది శ్రమ ఉంటుంది. పనితనాన్ని బట్టి నేతకే పలు రోజులు పడుతుంది.

ఈ చీర వెనుక కన్నీటి గాథలూ ఉన్నాయి. ముడిపట్టు ధరల ఒడిదొడుకులు, అప్పుల భారం, మరమగ్గాల నకళ్లు నేతన్నను కుంగదీశాయి. ఆత్మహత్యలు ధర్మవరాన్ని కలచివేసిన సందర్భాలు అనేకం. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చినా మరమగ్గాలతో పోటీ తప్పలేదు. యాత్రికుడు మగ్గం గుంట దాకా వచ్చి, నేత చూసి, చీర కొంటే ఆ సొమ్ములో ఎక్కువ భాగం నేసిన చేతికే చేరుతుంది. అందుకు కనీసం ఒక పూట తీరిక కావాలి. ఆ తీరిక రాత్రి బసతోనే వస్తుంది.

కొనేముందు సిల్క్ మార్క్, హ్యాండ్‌లూమ్ మార్క్ చీటీలు ఉన్నాయేమో చూడాలి. మొదటిది అసలైన పట్టు అనడానికి, రెండోది చేనేత అనడానికి సూచిక. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. అసలైన పట్టుపోగును కాలిస్తే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేలికి పొడిగా రాలుతుంది. కృత్రిమ పోగయితే కరిగి ఉండకడుతుంది.

బస ఎక్కడ?

లేపాక్షిలో రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థకు చెందిన హరిత అతిథిగృహం ఉంది. ఆలయానికి చేరువలో ఉండాలనుకునేవారికి ఇది అనుకూలం. హిందూపురం, ధర్మవరం పట్టణాల్లో సాధారణ వసతిగృహాలు, ఏసీ గదులు దొరుకుతాయి. పెనుకొండ మండలంలో కియా కార్ల కర్మాగారం 2019 డిసెంబరు 5న ప్రారంభమయ్యాక జాతీయ రహదారి వెంబడి పరిస్థితి మారింది. కొరియా ఉద్యోగుల రాకతో ఆ దేశపు వంటకాలు వడ్డించే భోజనశాలలు సైతం వెలిశాయి. పుట్టపర్తిలో ఆశ్రమ వసతితో పాటు ప్రైవేటు హోటళ్లూ ఉన్నాయి.

ఈతకొలను, ఆరోగ్య మర్దనశాల, పచ్చిక బయళ్లు వంటి హంగులున్న రిసార్టులు అధికంగా ఉన్నది మాత్రం కర్ణాటకలోని దేవనహళ్లి, నంది కొండల పరిసరాల్లోనే. 2008లో దేవనహళ్లి వద్ద అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమయ్యాక అటువైపు ఆతిథ్యరంగం విస్తరించింది. అక్కడ బస చేసి లేపాక్షి చూసి రావడం సాధ్యమే. కాకపోతే రానూపోనూ ప్రయాణానికే సగం రోజు కరిగిపోతుంది. పెనుకొండ, ధర్మవరం ఆ రోజు జాబితా నుంచి జారిపోతాయి.

విలాసానికి వెల ఎంత?

రిసార్టులో గది తీసుకునేవారు అద్దెతో పాటు పన్నునూ లెక్కించుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ రేట్ల ప్రకారం రోజు అద్దె రూ. 7,500 వరకు ఉండే గదికి 5 శాతం, అంతకు మించితే 18 శాతం పన్ను పడుతుంది. ఉదాహరణకు రూ. 7,000 గదికి పన్ను రూ. 350 కాగా, రూ. 10,000 గదికి రూ. 1,800 అవుతుంది.

ముందుగా అడిగి తెలుసుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. అద్దెలో అల్పాహారం కలిసి ఉందా? పిల్లలకు అదనపు రుసుము ఉందా? ప్రయాణం రద్దయితే ఎంత తిరిగి ఇస్తారు? సాధారణంగా రిసార్టులు మధ్యాహ్నం గది ఇచ్చి మరునాటి పూర్వాహ్నానికి ఖాళీ చేయమంటాయి. ఒక రోజు అద్దె చెల్లించినా చేతికి దక్కేది పూర్తి 24 గంటలు కాదు. అందులోనూ పగలంతా బయట తిరిగేవారికి ఈతకొలను, తోట అక్కరకు రావు. తిరగడానికి వచ్చినవారికి శుభ్రమైన గది చాలు. సేదదీరడానికి వచ్చినవారికే రిసార్టు సార్థకం. ఇక నక్షత్రాల సంగతి. హోటళ్లకు తారాస్థాయిని కేంద్ర పర్యాటక శాఖ పరిశీలించి నిర్ణయిస్తుంది. ప్రకటనలో రాసుకున్నంత మాత్రాన ఆ హోదా వచ్చినట్టు కాదు.

రిసార్టు రావాలంటే..

రాష్ట్ర ప్రభుత్వం 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా కల్పించింది. దీంతో ఈ ప్రాంతానికీ పెద్ద హోటళ్లు రావాలన్న ఆకాంక్షకు ఊతం లభించింది. అయితే రెండు అంశాలను విస్మరించరాదు. మొదటిది, వారసత్వ పరిరక్షణ. లేపాక్షి ఆలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. గుడి గోపురాన్ని కిటికీలోంచి చూపే బహుళ అంతస్తుల హోటల్‌ను గుడి వాకిట్లో కట్టడం కుదరదు. కుదరకపోవడమే మేలు.

రెండోది, నీరు. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. దేశంలోనే అత్యల్ప వర్షపాత ప్రాంతాల్లో ఇదొకటి. హంద్రీ-నీవా పథకం ద్వారా పెనుకొండ సమీపంలోని గొల్లపల్లి జలాశయానికి కృష్ణా జలాలు చేరడం ఊరట కలిగించినా, ప్రతి బిందువుకూ లెక్క ఉంది. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలతో ఎదురుచూసిన ఊళ్ల పక్కన ఈతకొలను నింపడం మాటలు కాదు. వాడిన నీటిని శుద్ధిచేసి తోటలకు మళ్లించే, వాననీటిని ఒడిసిపట్టే హోటళ్లే ఇక్కడ నిలుస్తాయి. కూరగాయలు, పాలు, దుప్పట్లు, పనివారు చుట్టుపక్కల నుంచే వస్తేనే విలాసం ఊరికి ఉపాధి అవుతుంది. లేకుంటే ప్రహరీ లోపలి పచ్చదనం బయటివారికి కంటికింపుగానే మిగులుతుంది.

రెండు రోజుల యాత్ర ఇలా

మొదటి రోజు: ఉదయం హిందూపురం చేరుకుని అల్పాహారంగా ఉగ్గాని, బజ్జీ రుచిచూడవచ్చు. అక్కడి నుంచి లేపాక్షి. మధ్యాహ్నం వరకు ఆలయం, నంది. ఎండ తగ్గాక సుమారు 40 కి.మీ. దూరంలోని పెనుకొండకు ప్రయాణం. సాయంత్రం గగన్‌మహల్, ఆలయాలు, దర్గా. రాత్రి బస అక్కడే. భోజనంలో రాగి సంకటి, ఊరుబిండి ఈ సీమ ప్రత్యేకం.

రెండో రోజు: తెల్లవారుజామున కోట. తొమ్మిది గంటల్లోపు కొండ దిగడం మేలు. అనంతరం సుమారు 50 కి.మీ. దూరంలోని ధర్మవరానికి పయనం. మగ్గాల సందర్శన, చీరల కొనుగోలు. సాయంత్రం రైలుకు తిరుగు ప్రయాణం. మరో రోజు వెసులుబాటు ఉంటే పుట్టపర్తి, కదిరి లక్ష్మీనరసింహస్వామి ఆలయం, తిమ్మమ్మ మర్రిమాను చూడవచ్చు.

ఎలా వెళ్లాలి?

రైలు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడింటిలోనూ రైల్వేస్టేషన్లు ఉన్నాయి. ధర్మవరం కూడలి స్టేషన్. పాకాల వైపు నుంచి వచ్చే మార్గం ఇక్కడే కలుస్తుంది.

రోడ్డు: బెంగళూరు-హైదరాబాద్ 44వ నంబరు జాతీయ రహదారి పెనుకొండ మీదుగా సాగుతుంది. లేపాక్షికి కొడికొండ చెక్‌పోస్టు వద్ద పడమరకు మళ్లాలి. బెంగళూరు నుంచి హిందూపురానికి సుమారు 100 కి.మీ.

అనువైన కాలం: అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు. సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తున ఉన్న హిందూపురంలో శీతకాలపు రాత్రులు చల్లగా ఉంటాయి. ఉన్నిదుస్తులు వెంట ఉంచుకోవాలి. మహాశివరాత్రి వేళ లేపాక్షికి భక్తుల తాకిడి ఎక్కువ. గదులు ముందుగానే ఖాయం చేసుకోవాలి.

జాగ్రత్తలు: వర్ణచిత్రాలపై ఫ్లాష్ వెలుతురు పడనీయరాదు. స్తంభాలపై పేర్లు చెక్కడం చట్టరీత్యా నేరం. కోటకు వెళ్లేవారు తాగునీరు వెంట తీసుకెళ్లాలి. ప్లాస్టిక్ సీసాలను తిరిగి కిందికి తేవాలి.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లాలోనే ఈ మూడు పట్టణాలూ ఉన్నాయి. గుడి, కోట, మగ్గం మూడింటినీ కలిపే పర్యాటక ప్రణాళికకు ఇది అనువైన అదను. విడిది గదులు పెరిగి, వాటితో పాటు నేతన్న ఇంటి దీపమూ వెలిగితే రాయల కాలపు వైభవానికి అంతకు మించిన కొనసాగింపు ఉండదు.